రాజుగారి సొత్తు: లుచేరా ఊరి కథ

జర్మనీని, సిసిలీని, దక్షిణ ఇటలీని ఏలిన రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి పేరెత్తితే చాలు, చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. పదమూడో శతాబ్దంలో, యూరప్ అంతా క్రూసేడుల ఊపులో ఉన్న రోజుల్లో, అరబిక్ తెలిసిన రాజు. డేగల వేట మీద సొంతంగా గ్రంథం రాసుకున్న రాజు. 1229లో కత్తి దూయకుండా, ఈజిప్టు సుల్తాన్‌తో ఒప్పందం కుదుర్చుకుని జెరూసలేం సంపాదించినవాడు. పోప్‌లు ఆయన్ని ఒకటికి మించిన సార్లు చర్చి నుంచి వెలివేశారు. హీరో అనిపించుకోడానికి ఇంకేం కావాలి?

ఆయన పరమత సహనానికి రుజువు అడిగితే అందరూ చూపించేది ఒక్కటే ఊరు. దక్షిణ ఇటలీలోని లుచేరా. పోప్ రాజ్యానికి నాలుగు అడుగుల దూరంలో, మొత్తం ముస్లింలే ఉన్న పట్నం. అందులో మసీదులు, ఖాజీలు, బహిరంగంగా శుక్రవారం నమాజు. ఎనభై ఏళ్ళకు దగ్గరగా అలా సాగింది. తర్వాత వేరే వంశం వచ్చి, 1300లో రెండో చార్లెస్ అనే రాజు ఆ ఊరిని ఊడ్చిపెట్టి, జనాన్ని బానిసలుగా అమ్మేశాడు. మంచి రాజు కట్టాడు, చెడ్డ రాజు కూల్చాడు. కథ ఇంత చక్కగా ఉంటే ఎవరు కాదంటారు?

నేను కాదంటాను. లుచేరా ముస్లింలను 1300లో అమ్మగలిగారంటే, దానికి కావలసిన పత్రాలన్నీ 1220ల నుంచే సిద్ధంగా ఉన్నాయి. ఫ్రెడరిక్ వాళ్ళకు ఇచ్చిన రక్షణ, చార్లెస్ చేసిన అమ్మకం ఒకే హక్కు నుంచి పుట్టాయి. ఈ మాట చెప్పాలంటే ముందు ఊరి గురించి కొంచెం చెప్పాలి.

ఇటలీ బూటు మడమకు కాస్త పైన, ముల్లులా సముద్రంలోకి పొడుచుకొచ్చినవి గార్గానో కొండలు. వాటికి కింద తవోలియెరె అనే మైదానం. బల్లపరుపు నేల, కనుచూపు మేరా గోధుమ. ఆ మైదానం పడమటి అంచున, మూడు చిన్న గుట్టల మీద లుచేరా ఉంది. ఇప్పుడు జనాభా ముప్పై వేల చిల్లర. పక్కనున్న పెద్ద పట్నం ఫోజ్జా నుంచి చిన్న రైలెక్కితే అరగంట కూడా పట్టదు. నేను వెళ్ళింది వేసవిలో, అదీ మిట్టమధ్యాహ్నం దిగాను. ఆ టైముకి షాపులన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి, వీధిలో పిల్లి కూడా లేదు. దక్షిణ ఇటలీ వెళ్ళేవాళ్ళకు ఉచిత సలహా: ఒంటిగంట నుంచి ఐదు దాకా ఏ పనీ పెట్టుకోకండి.

ఆ ఊరికి ఉన్న శాపం దాని స్థానమే. గుట్ట మీద నిలబడితే మైదానం మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. గోధుమ కావలసిన ప్రతి ప్రభువుకూ ఆ గుట్ట కావాలి. అందుకే ఊరి భవిష్యత్తు ఎప్పుడూ ఊళ్ళో తేలలేదు, ఎక్కడో దూరాన తేలింది.

రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన సంగతి చూడండి. క్రీ.పూ. 321లో, రోమ్‌తో యుద్ధంలో ఉన్న సామ్నైట్లు అనే కొండజాతివాళ్ళు లుచేరాను ముట్టడించారని ఒక పుకారు పుట్టింది. పుట్టించింది సామ్నైట్లే. మిత్రుల ఊరిని కాపాడాలని రోమన్ సైన్యం దగ్గరి దారి పట్టి, కౌడిన్ కనుమలో ఇరుక్కుపోయింది. ఈటెలతో కట్టిన కాడి కింద సైన్యం మొత్తం తలవంచుకుని నడవాల్సి వచ్చింది. రోమ్ దాన్ని ఎప్పటికీ మర్చిపోలేదు. కొన్నేళ్ళలో ఊరు చేతులు మారి, మళ్ళీ మారి, చివరికి క్రీ.పూ. 314 ప్రాంతంలో రోమన్లకు చిక్కింది. అప్పుడు సెనేట్‌లో చర్చ నడిచింది. ఇంత దూరంలో, ఇలాంటి శత్రువుల మధ్య ఊరెందుకు, నేలమట్టం చేసేద్దాం అని చాలామంది అన్నారట. చివరికి ఆ వాదన వీగిపోయి, 2,500 మంది వలసదారులను పంపాలని తీర్మానించారు. ఊరు బతికింది. కానీ ఆ చర్చలో ఊరివాళ్ళు ఎక్కడా లేరు.

రోమన్ కాలం బాగానే గడిచింది. ఊరి తూర్పున యాంఫిథియేటర్ ఉంది. 131 మీటర్ల పొడవు, 99 మీటర్ల వెడల్పు. మార్కస్ వెసీలియస్ కాంపస్ అనే స్థానిక అధికారి తన సొంత స్థలంలో, సొంత డబ్బుతో కట్టించి అగస్టస్ చక్రవర్తికి అంకితం చేశాడు. ద్వారం మీద పెద్దపెద్ద అక్షరాలతో ఆ సంగతి చెక్కించుకున్నాడు కూడా. మన దగ్గర గుళ్ళో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాసినట్టు కాదు, కిందనుంచి నడిచే ప్రతివాడూ తలెత్తి చదివి తీరేంత సైజులో. అది మట్టిలో పూడుకుపోయి, 1932లో బయటపడింది.

రోమ్ పోయాక లాంబార్డులనే జర్మన్ తెగవాళ్ళు వచ్చారు. 663లో బైజాంటియన్ చక్రవర్తి రెండో కాన్‌స్టాన్స్ లాంబార్డుల మీదికి దండెత్తి వచ్చి, లుచేరాను పట్టుకుని ధ్వంసం చేశాడు. ఆ తర్వాత కొన్ని శతాబ్దాలు పెద్దగా చెప్పుకోడానికేం లేదు. ఉత్తర ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చేనాటికి అది బిషప్ ఉన్న ఒక మామూలు చిన్న పట్నం, అంతే.

అసలు కథ మొదలయ్యేది లుచేరాలో కాదు, సిసిలీలో. తొమ్మిదో శతాబ్దంలో అరబ్బులు ఆ ద్వీపాన్ని గెలిచారు. పదకొండో శతాబ్దంలో నార్మన్లు దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి తీసుకున్నారు. నార్మన్ రాజుల కింద ముస్లిం రైతులు, చేతిపనివాళ్ళు, ఆస్థాన ఉద్యోగులు చాలామంది అక్కడే ఉండిపోయారు. కానీ 1189లో రెండో విలియం వారసుడు లేకుండా చనిపోయాక పాలెర్మోలో ముస్లింల మీద దాడులు జరిగాయి. బతికినవాళ్ళు పడమటి కొండల్లోకి పోయారు. ఆ భూముల్లో చాలాభాగాన్ని, వాటి మీది రైతులతో సహా, రాజులు అప్పటికే మొన్‌రియాలె అనే క్రైస్తవ మఠానికి రాసిచ్చేశారు. రైతులు మఠానికి లొంగలేదు. కొండల మీద కోటలు పట్టుకుని, ఇబ్న్ అబ్బాద్ అనే నాయకుడి కింద దాదాపు స్వతంత్రంగా బతికారు.

1220లో చక్రవర్తి కిరీటం పెట్టుకుని తిరిగొచ్చిన ఫ్రెడరిక్ మొట్టమొదట తలపెట్టిన పనుల్లో ఈ తిరుగుబాటును అణచడం ఒకటి. కొన్నేళ్ళు యుద్ధం నడిచింది. లొంగినవాళ్ళను ఆ కొండల్లోనే ఉంచితే మళ్ళీ లేస్తారు. అందుకని కుటుంబాలతో సహా ఓడలెక్కించి, సముద్రం దాటించి, కొన్ని వందల మైళ్ళ అవతల, క్రైస్తవులు మాత్రమే ఉన్న తవోలియెరె అంచున, లుచేరాలో దింపాడు. 1223 నుంచి మొదలైన ఈ తరలింపు విడతలు విడతలుగా 1240ల దాకా సాగింది. మొత్తం ఎంతమంది అన్నదానిపై చరిత్రకారుల లెక్కలు కలవవు. పదిహేను, ఇరవై వేలు అనేది ఎక్కువమంది ఒప్పుకునే అంచనా.

ఫ్రెడరిక్‌ని ‘సెక్యులర్ చక్రవర్తి’ అని పొగిడే వ్యాసాల్లో ఈ భాగం ఒక్క వాక్యంలో వెళ్ళిపోతుంది. ‘సిసిలీ నుంచి ముస్లింలను రప్పించి లుచేరాలో స్థిరపరిచాడు’ అని. రప్పించడం! వాళ్ళేమన్నా అర్జీ పెట్టుకున్నారా? ఓడిన జనాన్ని పుట్టిన నేల నుంచి పెకలించి పరాయి చోట నాటడం అది. ఆ చోటునైనా దయతో ఎంచలేదు, లెక్క వేసుకుని ఎంచాడు. చుట్టూ ఉన్నదంతా క్రైస్తవ దేశం. సముద్రం దగ్గరే, కానీ ఒడ్డునున్న రేవులన్నీ రాజువే. తిరుగుబాటు చేస్తే పారిపోయే కొండ లేదు, సాయం చేసే చుట్టం లేడు. వాళ్ళు ఆధారపడగలిగేది భూమి మీద ఒకే ఒక్క మనిషి మీద. ఆయన ఫ్రెడరిక్.

ఆ తర్వాత ఆయన వాళ్ళను బాగా చూసుకున్నాడనేది నిజం. మతం జోలికి పోలేదు. వాళ్ళ తగాదాలు వాళ్ళ ఖాజీలే తీర్చుకున్నారు. దున్నుకోడానికి వెయ్యి ఎద్దులను ఇప్పించాడు. 1233లో ఊరి గుట్ట మీద తనకొక భవనం కట్టించుకున్నాడు. చతురస్రాకారం, మధ్యలో మండువా, ఖజానా అంతా అందులోనే. అక్కడ తవ్వితే చైనా పింగాణీ ముక్కలు కూడా దొరికాయంటే ఆ దర్బారు ఏ స్థాయిలో నడిచిందో ఊహించుకోవచ్చు. ఊళ్ళో విల్లంబులు, ఆయుధాలు, కుండలు, తివాచీలు చేసే పనివాళ్ళు ఉన్నారు. రాజుగారి జంతువులను సాకేవాళ్ళు ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా విలుకాళ్ళు. 1237లో కోర్తెనువోవా దగ్గర ఉత్తరాది నగరాల కూటమిని ఫ్రెడరిక్ చితక్కొట్టినప్పుడు ఆయన సైన్యంలో లుచేరా విలుకాళ్ళు ఉన్నారు. పోప్ వెలివేస్తే క్రైస్తవ సైనికుడికి గుండెల్లో రాయి పడుతుంది. లుచేరావాడికి ఆ బెంగ లేదు. పోప్ శాపం తగలని సైన్యం కావాలనుకున్న రాజుకు ఇంతకంటే మంచి పెట్టుబడి ఏముంటుంది?

పోప్‌లకు ఇది కంట్లో నలుసు. తొమ్మిదో గ్రెగరీ 1233లో డొమినికన్ సన్యాసులను అక్కడికి మతప్రచారానికి అనుమతించమని ఫ్రెడరిక్‌కి రాశాడు. వాళ్ళకు ఇటాలియన్ బాగానే అర్థమవుతుందని విన్నాం కాబట్టి బోధించడం కష్టం కాదు అన్నది ఆయన వాదన. వచ్చిన పదేళ్ళకే స్థానిక భాష పట్టుకున్నారన్నమాట. ముస్లింలు ఇళ్ళు కట్టుకోడానికి చర్చిల రాళ్ళు ఊడబీకుతున్నారని కూడా ఆయన ఫిర్యాదు చేశాడు. అది నిజమే అయ్యుండొచ్చు. పరాయి ఊళ్ళో దింపేసి, కొంపలు కట్టుకోండంటే, దగ్గర్లో దొరికిన రాయే కదా వాడతారు.

ఇక అసలు కీలకం చెప్పాలి. చట్టం దృష్టిలో లుచేరా ముస్లింలు ఎవరు? స్వతంత్ర పౌరులు కాదు. ఏదో ఒక జమీందారు రైతులూ కాదు. ‘మా ఖజానా సేవకులు’ అన్నది వాళ్ళకున్న హోదా. ఫ్రెడరిక్ తన రాజ్యాల్లోని యూదులకు కూడా ఇదే మాట వాడాడు. అంటే వాళ్ళు నేరుగా రాజు సొత్తు. వాళ్ళ మీద చెయ్యి వేస్తే రాజు ఆస్తి మీద చెయ్యి వేసినట్టే, కాబట్టి ఇతరులు భయపడాలి. ఇది రక్షణే, ఒప్పుకుంటాను. ఆ రక్షణకు బదులుగా వాళ్ళు తలపన్ను కట్టాలి, పంటలో వాటా ఇవ్వాలి, పిలిస్తే యుద్ధానికి పోవాలి. ముస్లిం రాజ్యాల్లో ముస్లిమేతరుల మీద వేసే జిజియానే ఇక్కడ తిరగేసి ముస్లింల మీద వేశారు, పేరు కూడా పెద్దగా మార్చకుండా.

పాడి గేదెను దానా పెట్టి, కడిగి, ఎవడూ కొట్టకుండా చూసుకునే ఆసామిని ఊరంతా మంచివాడనే అంటుంది. సంతకు తోలుకుపోయే హక్కు కూడా ఆ ఆసామిదే.

దీనికి ఎదురుగా చెప్పే గొప్ప సన్నివేశం ఒకటుంది. అది నాకూ ఇష్టమే, అందుకే కాస్త విడమరిచి చెబుతాను. 1250 డిసెంబరులో ఫ్రెడరిక్ లుచేరాకు దగ్గర్లోనే ఉన్న కాస్తెల్ ఫియొరెంతీనోలో చనిపోయాడు. నాలుగేళ్ళకు వారసుడైన కొడుకు కాన్రాడ్ కూడా పోయాడు. పోప్ నాలుగో ఇన్నోసెంట్ సైన్యంతో దక్షిణాదికి దిగాడు. ఫ్రెడరిక్ మరో కొడుకు మాన్‌ఫ్రెడ్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు. ఒక హత్య కేసులో ఇరుక్కుని, కొద్దిమంది అనుచరులతో, రాత్రిపూట వానలో కొండలు దాటుకుంటూ పారిపోయి 1254 నవంబరు మొదట్లో లుచేరా గేటు ముందు తేలాడు. ఊరి అధికారి జాన్ ద మూర్ పోప్‌తో బేరాలాడ్డానికి వెళ్ళి ఉన్నాడు. తను లేనప్పుడు ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని చెప్పి, తాళంచెవులు తన మనిషి చేతిలో పెట్టి పోయాడు.

గోడ మీది కాపలావాళ్ళు కిందికి చూసి మాన్‌ఫ్రెడ్‌ని గుర్తుపట్టారు. తాళంచెవులు అడిగితే ఆ మనిషి ఇవ్వడని వాళ్ళకు తెలుసు. ఒకడికి ఆలోచన తట్టింది. గేటు కింద నీళ్ళు పోయే తూము ఉంది, మనిషి పట్టే సందు. అందులోంచి దూరి రమ్మన్నాడు. మాన్‌ఫ్రెడ్ గుర్రం దిగి, నేల మీద పడుకుని, తూములోకి తల దూర్చబోయాడు. అది చూసి లోపలున్న జనం తట్టుకోలేకపోయారు. మన రాజుబిడ్డ ఇలా మురికి కాలవలోంచి రావడమా అంటూ గేటు మీద పడి విరగ్గొట్టారు. అతన్ని ఎత్తుకుని ఊరేగించారు. అడ్డుపడ్డానికి వచ్చిన తాళంచెవుల మనిషిని గుర్రం దింపి మాన్‌ఫ్రెడ్ కాళ్ళ మీద పడేశారు. కోటలో తండ్రి దాచిన ఖజానా దొరికింది. ఆ డబ్బుతో సైన్యాన్ని పోగేసి, నెల తిరక్కుండా ఫోజ్జా దగ్గర పోప్ సైన్యాన్ని తరిమాడు. ఆ వార్త అందిన కొద్ది రోజులకే ఇన్నోసెంట్ నేపుల్స్‌లో కన్నుమూశాడు.

ఇదంతా మాన్‌ఫ్రెడ్ పక్షం చరిత్రకారుడు రాసింది, కొంచెం మసాలా ఉండే ఉంటుంది. అయినా గేటు విరగ్గొట్టారన్నది నమ్మడానికి నాకే ఇబ్బందీ లేదు. ప్రశ్నల్లా, ఎందుకు విరగ్గొట్టారు? ప్రేమ ఉంది, కాదనను. ఒక తరం పెరిగింది ఆ కుటుంబం నీడలో. కానీ ఆ రాత్రి వాళ్ళకు వేరే దారి ఏముంది? పక్క ఊరి క్రైస్తవుడికి రాజు పోతే బిషప్ ఉన్నాడు, జమీందారు ఉన్నాడు, చివరికి పోప్ ఉన్నాడు. లుచేరావాళ్ళకు ఈ వంశం తప్ప దిక్కులేదు. అలా దిక్కులేకుండా చేసింది ఎవరో పైన చెప్పాను.

మాన్‌ఫ్రెడ్ రోజులు లుచేరాకు బహుశా మంచి రోజులు. 1261లో ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ పంపగా రాయబారిగా వచ్చిన పండితుడు ఇబ్న్ వాసిల్, ఆ ఊరి జనమంతా సిసిలీ ముస్లింలేననీ, శుక్రవారం నమాజు బాహాటంగా జరుగుతుందనీ, మాన్‌ఫ్రెడ్ కొలువులో పెద్దపదవుల్లో ముస్లింలు ఉన్నారనీ రాశాడు. అక్కడ విజ్ఞానశాస్త్రాల కోసం ఒక విద్యాలయం కట్టడం మొదలుపెట్టారని కూడా ఆశ్చర్యంగా చెప్పాడు.

పోప్‌లు చివరికి ఫ్రాన్స్ రాజు తమ్ముడు ఆంజూ చార్లెస్‌ని దింపారు. మాన్‌ఫ్రెడ్ మీద యుద్ధాన్ని క్రూసేడ్‌గా ప్రకటించారు. 1266 ఫిబ్రవరిలో బెనెవెంతో యుద్ధానికి ముందు సంధి కోసం వచ్చిన దూతలతో చార్లెస్, ‘మీ లుచేరా సుల్తాన్‌తో పోయి చెప్పండి, ఇవాళ వాణ్ణి నేను నరకానికి పంపుతా, లేదా వాడు నన్ను స్వర్గానికి పంపుతాడు’ అన్నాడని ఫ్లారెన్స్ చరిత్రకారులు రాసుకున్నారు. మాన్‌ఫ్రెడ్ ఆ రోజే చచ్చిపోయాడు.

ఇప్పుడు ఆ ‘సుల్తాన్’ ఊరిని క్రూసేడ్ వీరుడు ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యలేదు. ఊరు లొంగింది, పన్ను కడతామంది, సరే అన్నాడు. రెండేళ్ళకు ఫ్రెడరిక్ మనవడు కాన్రదీన్ రాజ్యం కోసం వస్తున్నాడని తెలిసి లుచేరా తిరగబడింది. 1268 ఆగస్టులో కాన్రదీన్ ఓడిపోయాడు, నేపుల్స్‌లో తల తీయించారు. లుచేరా మాత్రం ఇంకో ఏడాది తలుపులు తీయలేదు. ముట్టడిలో తిండి అయిపోయి, జనం గడ్డి పీక్కు తిన్నారని చెబుతారు. 1269 ఆగస్టులో లొంగిపోయారు. అప్పుడైనా చార్లెస్ వాళ్ళను నిర్మూలించాడా? లేదు. జరిమానా వేశాడు, గోడలు కూల్పించాడు, మళ్ళీ పనిలో పెట్టుకున్నాడు. తర్వాత అల్బేనియాలో ఆయన కోసం యుద్ధం చేసినవాళ్ళలో లుచేరా ముస్లింలున్నారు. పోప్ ఆశీస్సులతో వచ్చినవాడు ఫ్రెడరిక్ చేసిందే చేశాడు. ఎందుకంటే ఆయనకు దక్కింది ఫ్రెడరిక్ ఆస్తి. కొత్త యజమాని వచ్చాడని పొలాన్ని ఎవరూ తగలబెట్టరు.

చార్లెస్ అదనంగా చేసింది కోట. ఫ్రెడరిక్ భవనాన్ని మధ్యలో పెట్టి, గుట్ట చుట్టూ 900 మీటర్ల గోడ, 24 బురుజులు. పద్నాలుగేళ్ళు పట్టింది. ఇప్పటికీ దాదాపు మొత్తం నిలబడి ఉంది, లోపల మాత్రం ఖాళీ మైదానం, గడ్డి, ఎండ. మూడు వైపులా నేల ఏటవాలుగా దిగిపోతుంది. నాలుగో వైపు, అంటే ఊరి వైపు, పెద్ద అగడ్త తవ్వారు. రెండు గుండ్రటి బురుజులూ ఆ పక్కనే ఉన్నాయి. ఆ అగడ్త పక్కన నిలబడి చూస్తే ఈ కోట ఎవర్ని ఆపడానికి కట్టారో అడగనక్కర్లేదు. అందులో కాపురం పెట్టడానికి తన సొంత ప్రాంతం ప్రోవాన్స్ నుంచి కుటుంబాలను తెప్పించాడు. ఫ్రెడరిక్ భవనం సంగతంటారా, పద్దెనిమిదో శతాబ్దం దాకా బాగానే నిలబడింది. 1778లో ఒక ఫ్రెంచి చిత్రకారుడు దాని బొమ్మ గీశాడు. తర్వాత రాళ్ళ కోసం పేల్చేశారు. అడుగు భాగం ఒక్కటే ఉంది.

ఇక 1300. ఆంజూ చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ కరుడుగట్టిన భక్తుడని పేరు. 1289లో తన ఫ్రెంచి జాగీర్లైన ఆంజూ, మేన్‌ల నుంచి యూదులను వెళ్ళగొట్టినవాడు. కాబట్టి లుచేరా వినాశనం మతోన్మాదం పని అని తేల్చెయ్యడం సులువు. ఆయన ఉత్తర్వులు కూడా ఆ భాషలోనే ఉన్నాయి. కానీ జమాఖర్చులు కూడా చూడాలి. 1282లో సిసిలీ తిరగబడి ఆంజూ వంశాన్ని తరిమేసింది. ఆ యుద్ధం ఇరవై ఏళ్ళు సాగింది. ఫ్లారెన్స్ బ్యాంకర్ల దగ్గర అప్పు పీకలదాకా పేరుకుంది. 1300 ఆగస్టులో రాజు మనిషి జొవాన్ని పిపీనో, బర్లెట్టావాడు, సైన్యంతో వచ్చి ఊరిని పట్టుకున్నాడు. చంపినవాళ్ళను చంపి, మిగిలినవాళ్ళను వేర్వేరు పట్నాలకు నడిపించి అమ్మారు. అమ్మినవాళ్ళ సంఖ్య పదివేల దాకా ఉంటుందని చరిత్రకారుల అంచనా. వాళ్ళ ధాన్యం, పశువులు, భూములు అన్నీ ఖజానాకు జమ. కొందరు పెద్దలు మతం మార్చుకుని ఆస్తి కాపాడుకున్నారు. మామూలువాళ్ళకు ఆ దారి కూడా లేదు. ఆ కాలపు చట్టంలో బాప్తిజం పుచ్చుకున్నంత మాత్రాన బానిస స్వతంత్రుడైపోడు.

ఇంతమందిని అమ్మాలంటే ముందు వాళ్ళు అమ్మేవాడి సొత్తు అని చట్టం ఒప్పుకోవాలి కదా. చార్లెస్ కొత్త చట్టం ఏమీ చెయ్యాల్సిన పని పడలేదు. విచారణ జరపాల్సిన పనీ పడలేదు. ‘ఖజానా సేవకులు’ అన్నమాట డెబ్బై ఏళ్ళుగా రికార్డుల్లో ఉంది. అందులో ఉన్న హక్కును ఫ్రెడరిక్ ఒక రకంగా వాడాడు, చార్లెస్ ఇంకో రకంగా వాడాడు.

ఇక్కడ నన్ను ఒకరు అడగొచ్చు. ఫ్రెడరిక్ కదిలించకపోతే వాళ్ళు సిసిలీలోనే చచ్చేవాళ్ళు కదా, కనీసం మూడు తరాలు బతికారు, పిల్లల్ని పెంచుకున్నారు, అది తక్కువా అని. తక్కువ కాదు. ఆ మూడు తరాల్లో దున్నినవాడికీ కుండ చేసినవాడికీ రాజు మనసులో ఏముందో అనవసరం, బతుకు గడిచింది. ఫ్రెడరిక్, చార్లెస్ ఇద్దరూ ఒకటే అని కూడా నేననను. ఒకరి చేతిలో బతకడానికి, ఇంకొకరి చేతిలో చావడానికి బోలెడు తేడా. నా పేచీ పొగిడేవాళ్ళతో. రాజు ఇష్టం మీద నిలబడ్డ బతుకును ‘సహనం’ అని పిలిచి అక్కడ ఆపేస్తే, రాజు మారినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నే రాదు. ఈ కథను రెండు రకాలుగా ఫార్వర్డ్ చేసేవాళ్ళను చూశాను. ఒకరు ‘చూశారా, ఆ రోజుల్లోనే కలిసి బతికారు’ అంటారు. ఇంకొకరు ‘చూశారా, ఎలా వదిలించుకున్నారో’ అంటారు. ఇద్దరూ రాజు పక్కన నిలబడే మాట్లాడతారు. గోడ మీద కాపలా కాస్తూ తాళంచెవులు లేక తూము చూపించినవాడి పక్కన నిలబడి చూడరు.

తర్వాత సంగతులు త్వరగా చెప్పేస్తాను. చార్లెస్ ఊరికి ‘సాంటా మరియా పట్నం’ అని కొత్త పేరు పెట్టాడు. ఎవరూ పిలవలేదు. ఆయన వంశమే అంతకుముందు మాన్‌ఫ్రెడ్ కట్టించిన మన్‌ఫ్రెదోనియా రేవు పేరు మార్చాలని చూసింది, అదీ కుదర్లేదు. కొత్త కేథడ్రల్ మాత్రం కట్టాడు. మసీదు ఉన్నచోటే కట్టారని ఊళ్ళో అంటారు. లోపల ప్రధాన బలిపీఠం రాతిపలక ఫ్రెడరిక్ భోజనాల బల్ల అని కూడా అంటారు, ఆయన చనిపోయిన కోట నుంచి తెచ్చిందట. వెలిపడ్డ చక్రవర్తి అన్నం తిన్న రాయి మీద రోజూ ప్రార్థన జరుగుతోందన్నమాట. నిజమో కాదో గానీ వినడానికి బాగుంది.

ఆంజూ వంశం పోయి స్పెయిన్‌లోని అరగాన్ రాజులు వచ్చాక 1447లో గొర్రెల పన్ను కార్యాలయం లుచేరాలో పెట్టారు. చలికాలం అబ్రుజ్జో కొండల నుంచి మైదానానికి దిగే లక్షల గొర్రెల మీద వసూళ్ళు, మామూలు ఆదాయం కాదు. 1468లో దాన్ని ఫోజ్జాకి ఎత్తుకుపోయారు. స్పెయిన్ వైస్రాయ్‌లు, ఆస్ట్రియా, బూర్బన్‌లు వరసగా పాలించారు. 1806లో నెపోలియన్ మనుషులు జిల్లా ముఖ్యపట్నం హోదాను కూడా ఫోజ్జాకి ఇచ్చేశారు. ఊరికి మిగిలిన ఒకే ఒక్క గౌరవం కోర్టు. లాయర్ల ఊరు అని పేరు తెచ్చుకుంది. 2013లో ఖర్చు తగ్గించే సంస్కరణల్లో దేశమంతటా మూసిన చిన్న కోర్టుల్లో లుచేరా కోర్టు కూడా పోయింది. ఆ నిర్ణయం రోమ్‌లో జరిగింది. సెనేట్‌లో 2,500 మందిని పంపుదామా, నేలమట్టం చేద్దామా అని చర్చించిన నగరమే.

లుచేరాకు నైరుతిగా కొండల్లో ఫాయెతో, చెల్లె ది సాన్ వీతో అని రెండు పల్లెలున్నాయి. రెండోదాంట్లో కొన్ని వందలమంది కూడా ఉండరు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది ఫ్రాంకో ప్రోవెన్సాల్. ఆల్ప్స్ పర్వతాల అవతలి భాష, లుచేరా ఉన్న ఈ పూలియా ప్రాంతంలో ఇంకెక్కడా వినపడదు. లుచేరాను కాపలా కాయడానికి ఆంజూ చార్లెస్ దించిన జనం సంతతే వాళ్ళు అన్నది అక్కడి నమ్మకం. 1999లో ఇటలీ చేసిన అల్పసంఖ్యాక భాషల చట్టం కింద ఆ భాషకు ఇప్పుడు రక్షణ ఉంది. వీధి బోర్డులు రెండు భాషల్లో పెట్టుకోవచ్చు, బళ్ళో నేర్పించుకోవచ్చు. ఇది రాజుగారు ఇచ్చింది కాదు, పార్లమెంటు చేసిన చట్టం. తీసెయ్యాలన్నా మళ్ళీ అక్కడే చర్చ జరగాలి, ఓటు పడాలి. ఆ పల్లెలవాళ్ళు కూడా ఆ ఓటర్లలో ఉన్నారు. లుచేరా ముస్లింలకు ఎనభై ఏళ్ళలో ఒక్కరోజు కూడా లేనిది ఇదే.